నూట పదిహేడో నంబరు మనిషి

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆ నాలుగో అంతస్తు మనిషిని నేను చూడలేదు. ఎదురుపడితే ఏం చేసేదాన్నో తెలియదు. కాదు, తెలుసు. తల వంచుకుని పక్కకి తప్పుకునేదాన్ని. అందుకే ఇక్కడ రాస్తున్నాను: నీ చేతులు పడిపోను.

లిఫ్టు ఆగిందని విసుక్కుని, డాబా మీదికి ఎక్కి, మోటారు గది తలుపు తీసి ఉందని లోపలికి వెళ్ళి, మెయిన్ స్విచ్చి వేశాడట. కింద లిఫ్టు పెట్టె పైకప్పు మీద మా బాబాయి కూర్చుని ఇనప తాళ్ళకి గ్రీజు పెడుతున్నాడు. పెట్టె కదిలింది. తాడుకీ కప్పీకీ మధ్య ఎడమ చెయ్యి. పైకప్పు మీద ఉండే స్టాప్ బటన్ ఆ పాత లిఫ్టులో ఎప్పుడో చెడిపోయింది.

నిన్న పదకొండున్నరకి జరిగింది. ఆఫీసులో నాకు పన్నెండుకి తెలిసింది. అప్పటికీ నా కంప్యూటర్ తెర మీద బాబాయి వరస పచ్చగానే ఉంది. ఒంటిగంట దాకా పని, తర్వాత ఖాళీ.

ఆసుపత్రి వరండాలో పిన్ని అంది, "వాడెవడో వాణ్ణి పోలీసులకి పట్టివ్వాలే." నేనూ అవునన్నాను. గట్టిగానే అన్నాను.

స్విచ్చి దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటే ఎవడూ దాన్ని ముట్టుకునేవాడు కాదు. అది ఇద్దరి పని.

ఇక్కడితో ఆపుతున్నాను.

ఫిబ్రవరి 12, బుధవారం

మూడు వేళ్ళు తీసేశారు. ఎడమ చెయ్యే కదా, నయం అంటున్నారు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా. ఎవరికి నయం?

ఫిబ్రవరి 13, గురువారం

ఆఫీసుకి వెళ్ళాను.

పదహారు మంది మెకానిక్కులు, నాలుగు వందల లిఫ్టులు. ఈ ఒక్క వాక్యాన్ని మా కంపెనీలో ఎవరైనా ఒకసారి పైకి చదివితే బాగుండును. చదవరు. రంగులు చూస్తారు. తెర మీద మనిషికో వరస, వరసలో రోజులు, పని ఉన్నంత మేర పట్టీ. మనిషి మోయగలిగినంత ఉంటే పచ్చ, మించితే ఎరుపు, సెలవైతే బూడిద. ఆ పట్టీలు నింపడమే నా ఉద్యోగం. బాబాయి ఇప్పించిన ఉద్యోగం. "మా అన్నయ్య కూతురు సార్, పుస్తకాల పురుగు, నోట్లో నాలుక లేదు, పని మాత్రం శుద్ధంగా ఉంటుంది" అని చెప్పి ఇప్పించాడు.

మేనేజరు వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డారు.

"చూడమ్మా, ఇలాంటప్పుడు అడక్కూడదు. కానీ మీ బాబాయి వరస ఇంకా పచ్చగానే కనిపిస్తోంది. హెడ్డాఫీసువాళ్ళు చూసుకోకుండా ఆయనకి పనులు వేసేస్తారు."

ఆసుపత్రి పేరు అడగలేదు. ఏ చెయ్యి అని కూడా అడగలేదు.

బూడిద రంగు వేశాను. కంప్యూటర్ కారణం అడిగింది. సెలవు, జబ్బు, శిక్షణ, ఇతరం. వేళ్ళు పోవడం ఆ జాబితాలో లేదు. 'ఇతరం' నొక్కాను. ఎప్పటివరకు అని అడిగింది. తారీకు వేయకపోతే ఒప్పుకోదు. మార్చి 31 వేశాను, అప్పటికి మొలుస్తాయన్నట్టు. ఆ తర్వాత, ఈయన పనులు ఎవరికి ఇమ్మంటారు అని అడిగి తనే ఒక నంబరు సూచించింది. 117. ఎన్ని వేసినా ఇంకా ఖాళీయే.

'సరే' నొక్కాను. మిగతా వరసలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఇంకేం చేయను?

పొద్దుట్నుంచి నాలుగు ఫోన్లు. ఎప్పటి మాటే చెప్పాను.

ఫిబ్రవరి 15, శనివారం

117 గురించి ఒకసారి సరిగ్గా రాసుకోవాలి. తర్వాత ఎవరైనా అడిగితే తడబడకుండా ఉంటుంది.

పోయిన మార్చిలో ఇద్దరు మెకానిక్కులు వేరే కంపెనీకి వెళ్ళిపోయారు. వాళ్ళ స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. ఇద్దరు కలిసి చేయాల్సిన పనులకి రెండో మనిషి దొరక్క తెరంతా ఎర్రబడింది. ఎర్రగా కనపడిన ప్రతిసారీ హెడ్డాఫీసు నుంచి మేనేజరుకి ఫోను. ఆయన నా దగ్గరికి వచ్చి, "సాయంత్రానికి ఎరుపు కనపడకూడదు. ఏం చేస్తావో నాకు తెలియదు" అన్నారు.

ఆయనే అన్నారు. అందుచేత అది ఆయన చేయించిందే.

ఆ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పుస్తకం మూడు వందల నలభై పేజీలు. ఆఫీసులో దాన్ని చదివింది నేనొక్కదాన్నే. అందులో ఒక చోట ఉంది: కొత్తగా చేరబోయే మనిషి కోసం ముందుగానే ఒక ఖాళీ వరస తెరిచి ఉంచుకోవచ్చు, ఆ మనిషి చేరాక పేరు నింపుకోవచ్చు. నాకు గుర్తున్నంతవరకు అంతే ఉంది. 116 కింద 117 తెరిచాను. సెలవులు లేవు. జబ్బు లేదు. వారానికి ఏడు రోజులు. ఇద్దరి పనులన్నిటికీ రెండో మనిషిగా 117 వేశాను. అయిదు నిమిషాల్లో తెరంతా పచ్చబడింది.

మేనేజరు చూసి "శభాష్" అన్నారు. రెండేళ్ళలో ఆ మాట అదే మొదటిసారి. ఇంటికి వచ్చేదాకా ఆ మాట నాతోనే వచ్చింది.

మెకానిక్కులు ఆఫీసుకి రారు. ఎవరి పని చీటీ వాళ్ళ ఫోన్‌కి వస్తుంది, ఇంటి నుంచి నేరుగా పనిచోటికి వెళ్తారు. చీటీలో పేర్లుండవు, నంబర్లుంటాయి. ఆ రోజు బాబాయికి మాత్రం ఇంట్లో చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు.

"అంటే ఇప్పుడు నాకు జోడీ దొరికాడన్నమాట. మాట్లాడడు, టీ అడగడు, బీడీ అడగడు. ఇంతకంటే మంచివాడు ఎక్కడ దొరుకుతాడే తల్లీ?"

అప్పట్నుంచి రోజూ అదే వేళాకోళం. "నూట పదిహేడు గారు ఇవాళ కూడా నాకంటే ముందే వెళ్ళిపోయారు" అనేవాడు, బూట్లు విప్పుతూ.

నవ్వకుండా ఉండాల్సింది. ఇద్దరం.

ఫిబ్రవరి 16, ఆదివారం

బాబాయి ఇంటికి వచ్చాడు. కట్టులోంచి బొటనవేలూ చిటికెన వేలూ బయటికి కనపడుతున్నాయి. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "చూడు, ఫోన్ చేస్తానని సైగ చెయ్యడానికి కావాల్సినవే వదిలారు. డాక్టరు తెలివైనవాడు" అన్నాడు. పిన్ని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదే.

ఫిబ్రవరి 17, సోమవారం

కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఉత్తరాలు చదివేది నేనే. పైకి చదివాను.

'ఇద్దరు టెక్నీషియన్లు కలిసి చేయవలసిన పనిని, 117 నంబరు టెక్నీషియన్ రాక కోసం వేచి ఉండకుండా మీరు ఒంటరిగా ప్రారంభించారు. ఇది తీవ్రమైన అజాగ్రత్త. మీ లైసెన్సు రద్దు చేయవలసిందిగా లిఫ్టు ఇన్‌స్పెక్టరు గారికి సిఫారసు చేస్తున్నాము. విచారణ ఫిబ్రవరి 28.'

ఇరవై రెండేళ్ళుగా ఆ లైసెన్సు బాబాయి చొక్కా జేబులో ఉంది. ఉతికేటప్పుడు పిన్ని మొదట తీసి పక్కన పెట్టేది అదే. వేళ్ళు పోయినా లైసెన్సు ఉంటే కింద నిలబడి పని చేయించుకోవచ్చు, కొత్తవాళ్ళకి నేర్పొచ్చు. అది పోతే ఆయన కూడా అందరిలా లిఫ్టు ఎక్కే మనిషి, అంతే.

"ఎవడే ఈ 117?" అంది పిన్ని. ఆమెకి ఎవరూ చెప్పలేదు. "టైముకి ఏడవలేదేం వాడు? వాణ్ణి ఒకసారి ఇంటికి పిలువు, దులిపేస్తాను."

"వాణ్ణేం అనకు. పాపం నోరులేనివాడు" అన్నాడు బాబాయి. నా వంక చూసి కన్నుగీటాడు.

అరవాలనిపించింది. ఉత్తరం మడత పెట్టి కవర్లో పెట్టాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

పిన్ని 117ని తిడుతూనే ఉంది. బట్టలు ఆరేస్తూ, అన్నం వడ్డిస్తూ, తల దువ్వుకుంటూ. తిన్నగా నా ముందుకొచ్చి పడుతున్నాయి అన్నీ.

ఫిబ్రవరి 20, గురువారం

మేనేజరు గదిలోకి పిలిచారు. తలుపు వెయ్యమన్నారు.

సోమవారం కొత్త మెకానిక్కు ఒకాయన చేరాడు. నలభై ఏళ్ళుంటాయి. వచ్చిన దగ్గర్నుంచి ఒకే గళ్ళ చొక్కా. అతనికి 118 నంబరు ఇచ్చాను.

"ఆ కొత్తాయన్ని 117 చేసెయ్యి" అన్నారు మేనేజరు. "పేరు నింపితే చాలు కదా. చేరిన తేదీ ఫిబ్రవరి ఒకటి అని వెయ్యి. విచారణలో రెండో మనిషి ఎవరని అడుగుతారు. ఒక మనిషి ఉండాలి కదమ్మా."

నేను గోడ మీది క్యాలెండరులో ఒకటో తారీకు చూస్తున్నాను.

"మీ బాబాయికి కొత్తగా వచ్చే నష్టం ఏముంది? ఎలాగూ ఆ చేత్తో పని చెయ్యలేడు. చిన్న ఉద్యోగం ఏదైనా చూద్దాం, వాచ్‌మన్‌గానో, స్టోరులోనో." కాసేపు పెన్ను తిప్పారు. "117ని ఎవరు పెట్టారో ఆ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడో ఉంటుందిట కదా. నీ పేరే ఉంటుంది. నేను ఎవరికీ చెప్పను. నువ్వు మా ఇంటి పిల్ల లాంటిదానివి."

ఎవరింటి పిల్లని? ఆ మాట అప్పుడు అనాల్సింది. ఇప్పుడు కాగితం మీద అంటున్నాను, ఎవరికీ వినపడకుండా. "చూస్తాను సర్" అని వచ్చేశాను. 'సర్' కూడా అన్నాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

చేశాను. పేరు, తారీకు, రెండు గళ్ళు. ఒక నిమిషం కూడా పట్టలేదు.

కొత్త మనిషి 117లోకి వెళ్ళాక 118 ఖాళీ అయింది. తీసేయబోయాను. "ఉండనీ, ఇద్దరి పనులున్నాయిగా" అన్నారు మేనేజరు. ఉంచాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

పిన్ని బజారుకి వెళ్ళింది. బాబాయి కుడిచేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. నన్ను సాయం పట్టనివ్వలేదు. ఒక బొత్తాం తప్పి ఒక బొత్తాం పెట్టుకుని, మళ్ళీ విప్పి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"విచారణలో ఏం చెప్తావు బాబాయ్?"

"ఏముంది? తొందరపడ్డాను, వాడు వచ్చేదాకా ఆగలేదు అంటాను."

"ఎవడు వచ్చేదాకా?"

"నూట పదిహేడు గారు."

"వాడు లేడు కదా!"

"లేడని చెప్తే, మరి ఆ నంబరు ఎక్కణ్ణుంచి వచ్చింది అంటారు. తవ్వుతారు. నీ దాకా వస్తారు." బొత్తాం దొరికింది. "నాకు నలభై ఎనిమిది. నీకు ఇరవై నాలుగు. ఎవరి మీదికి పోతే మేలు?"

"నన్ను అడిగావా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "నువ్వు నా కోసం అబద్ధం చెప్పాలని నేను అడిగానా? పెద్ద త్యాగమూర్తివి! నన్ను ఒక్క తిట్టు తిట్టొచ్చు కదా. చెయ్యి పోయినరోజు నుంచి ఒక్కటి కూడా తిట్టలేదు నువ్వు."

"దేనికి తిట్టాలి? నా దగ్గర చనువు కొద్దీ పెట్టావు. మన పిల్లే కదా, పోనీలే ఒక్కణ్ణే చేసుకుంటానని నేనూ వెళ్ళాను. ఇది మన ఇద్దరి మధ్య సంగతి. మధ్యలో ఇన్‌స్పెక్టరు ఎందుకు?"

నా దగ్గర చనువు కొద్దీ. అలా అనుకుంటున్నాడు. నేను సరిదిద్దలేదు.

నాలుగు ఫోన్లు, ఎప్పటి మాట అని రాశాను పదమూడో తారీకున. ఏం మాటో రాయలేదు. నా డైరీలో కూడా రాయలేదు. రాస్తాను. మెకానిక్కులు పనిచోటి నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఈ 117 ఇంకా రాలేదు, ఏం చెయ్యమంటారు?" అని అడుగుతారు. నేను, "దారిలో ఉన్నారు, మీరు మొదలుపెట్టండి" అంటాను. పదకొండు నెలలుగా అంటున్నాను. వాళ్ళందరూ 117 నిజంగా ఒక మనిషని, మేనేజరు బావమరిదని, పని ఎగ్గొట్టి తిరుగుతాడని అనుకుంటున్నారు. ఒకాయనైతే, "దొరికిన రోజున వాడి కాళ్ళు విరగ్గొడతాను, మీరేం అనుకోవద్దు" అన్నాడు. అనుకోనని చెప్పాను.

బాబాయి చెయ్యి పోయిన మూడో రోజున కూడా అదే మాట చెప్పాను. నాలుగు సార్లు.

ఫిబ్రవరి 26, బుధవారం

మధ్యాహ్నం గళ్ళ చొక్కా ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో ఫోను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మా, ఒక సంగతి చెప్పాలి మీరు. పదో తారీకున నేను దారిలో ఉన్నానని చెప్పమన్నారు మేనేజరు గారు. ఏ దారమ్మా? వాళ్ళు అడిగితే ఏదో ఒక దారి చెప్పాలిగా. మీ కంప్యూటర్లో ఏముంది?"

"దారి ఉండదు అందులో."

"పదో తారీకున నేను మా ఇంట్లో నీళ్ళ మోటారు బాగుచేసుకుంటున్నాను. ఈ ఉద్యోగం లేదు అప్పటికి. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాక దొరికింది. ఆయన చెప్పమన్నట్టు చెప్తాను, ఏం చెయ్యను. కానీ ఆ దెబ్బ తగిలినాయన ఎలా ఉన్నాడమ్మా? ఎవరూ చెప్పరు."

"మా బాబాయే" అన్నాను.

అతను ఫోను జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబోలు అన్నట్టు ఫోను తీసి నాకు చూపించాడు.

"రేపు నాకు ఇద్దరి పని పడింది. తాళ్ళు మార్చాలి. ఒకటి 117 అని ఉంది, అది నేను. రెండోది 118 అని ఉంది. 118 నా పాత నంబరు కదమ్మా? నాతో నేనే వెళ్ళాలా?"

అతను నవ్వాడు. నిజంగానే హాస్యానికి అన్నాడు. నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. దారిలో ఉన్నారు, మీరు మొదలుపెట్టండి. పదకొండు నెలల అలవాటు, నాలుక చివరే ఉంది.

"118 లేడు. ఎవరూ రారు. మీరు వెళ్ళకండి" అన్నాను.

"వెళ్ళకపోతే ఊరుకుంటారా?"

"ఊరుకోరు. అయినా వెళ్ళకండి."

అతను వెళ్ళాక ఆ పుస్తకం తీశాను. ఖాళీ వరస గురించి రాసిన పేజీ మళ్ళీ చదివాను. ముప్పై రోజుల్లో చేరబోయే మనిషికి మాత్రమే అని ఉంది. ఒంటరిగా చేయకూడని పనులకు వాడరాదు అని లావు అక్షరాల్లో ఉంది. ఆ వాక్యం కింద సన్నని పెన్సిలు గీత కూడా ఉంది. నా గీతే. పోయిన మార్చిలో గీసిందే. నాకు గుర్తున్నంతవరకు అంతే ఉందని రాశానే, అబద్ధం. నాకంతా గుర్తుంది.

మార్పుల చరిత్ర ఎక్కడుంటుందో కూడా పుస్తకంలో ఉంది. 117 వరస తెరిచింది ఎవరు, ఎప్పుడు, ఏ పనికి ఎవరు వేశారు, పేరు ఎప్పుడు మార్చారు. అంతా ప్రింటు తీశాను. పంతొమ్మిది కాగితాలు. రెండు వందల పద్నాలుగు పనులు. ప్రతి వరస చివరా ఒకటే పేరు.

ఫిబ్రవరి 27, గురువారం

గళ్ళ చొక్కా ఆయన పనికి వెళ్ళలేదు. మేనేజరు అతన్ని నా ముందే బండబూతులు తిట్టారు. అతను నన్ను చూపించలేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

ఇన్‌స్పెక్టరు ఆఫీసు మూడో అంతస్తు. లిఫ్టు ఉంది. బాబాయి దాని తలుపు వంక ఒకసారి చూసి మెట్లెక్కాడు. పిన్ని వెనకాల, నేను ఆమె వెనకాల.

ఇన్‌స్పెక్టరు ఒకావిడ. జలుబు చేసింది, మాటమాటకీ ముక్కు తుడుచుకుంటోంది. నెమ్మదస్తురాలు అనుకున్నాను. కాదు.

బాబాయిని అడిగింది. అనుకున్నట్టే చెప్పాడు. "తొందరపడ్డాను మేడమ్. తప్పు నాదే."

"ఇరవై రెండేళ్ళలో ఇలా ఎన్నిసార్లు తొందరపడ్డారు?"

"ఇదే మొదలండి."

ఆవిడ రాసుకోలేదు. మేనేజరు ఇచ్చిన కాగితం చూసి, "ఈ 117 ఎవరు?" అంది.

గళ్ళ చొక్కా ఆయన లేచాడు. "నేనే మేడమ్." మేనేజరు తలాడించారు. గళ్ళ చొక్కా ఆయన బాబాయి కట్టు వంక చూసి, ఆ చూపు తిప్పకుండానే, "పదిహేడో తారీకు నుంచి" అన్నాడు.

"ప్రమాదం పదో తారీకు కదా?"

"అవునండి. అప్పుడు నేను ఎవర్నీ కాను."

మేనేజరు ఏదో అనబోయారు. నేను లేచాను. కాన్వెంటులో సిస్టర్ మూడు నేర్పింది: గొంతు పెంచకూడదు, వేలెత్తి చూపకూడదు, తప్పు చేస్తే అడగకముందే ఒప్పుకోవాలి. మొదటి రెండూ బాగా వచ్చాయి నాకు. పంతొమ్మిది కాగితాలూ ఆవిడ ముందు పెట్టాను.

"ఏమిటివి?"

"117 చేసిన పనులండి. అలాంటి మనిషి లేడు. నేను పెట్టాను."

వెనక పిన్ని ఊపిరి పీల్చిన చప్పుడు వినపడింది.

"కూర్చోవే!" అన్నాడు బాబాయి. "చిన్నపిల్ల మేడమ్, భయపడి ఏదో మాట్లాడుతోంది..."

"మిమ్మల్ని అడిగినప్పుడు చెబుదురుగాని." ఆవిడ నావైపు తిరిగింది. "ఎవరు పెట్టమన్నారు?"

మేనేజరు నన్ను చూస్తున్నారు. ఆయన పేరు చెప్పేయాలని ఎంత ఉందో. పదిహేను రోజులుగా రాసుకున్నది అదే కదా.

"ఎరుపు కనపడకూడదన్నారు. మనిషిని పుట్టించమని అనలేదు. అది నా ఆలోచన. అలా చెయ్యకూడదని పుస్తకంలో ఉంది, చదివాను, చదివే చేశాను. పోయిన వారం ఈయన పేరు అందులో నింపమన్నది మాత్రం వారే."

"చూశారుగా మేడమ్, ఒప్పుకుంది" అన్నారు మేనేజరు, ఎంత తేలిగ్గానో. "మాకు తెలియకుండా జరిగింది. పేరు సంగతి కూడా తనే..."

"హెల్మెట్లు, బెల్టులు ఇచ్చిన రిజిస్టరు తెచ్చారా?" ముక్కు తుడుచుకుంది. "ప్రతి నెలా మీరు సంతకం చేసేదే కదా. పదిహేడో బెల్టు ఎవరికి ఇచ్చారో చూపించండి. పదకొండు నెలలు మీ దగ్గర పని చేసిన మనిషి."

మేనేజరు పేజీలు తిప్పారు. ముందుకి, వెనక్కి. ఎంతసేపు తిప్పినా ఎవరూ ఆపలేదు. నాకు చాలా బాగుంది. అది కూడా రాయాలి.

మెట్లు దిగేటప్పుడు బాబాయి నన్ను దాటుకుని ముందు వెళ్ళిపోయాడు.

మార్చి 1, శనివారం

"నువ్వా?" అంది పిన్ని. "నేను ఇన్ని రోజులు తిట్టింది నిన్నా? వింటూ కూర్చున్నావుటే? పప్పు వడ్డిస్తుంటే తింటూ?"

కంచం నా ముందు పెట్టలేదు. బల్ల అవతల చివర పెట్టి వెళ్ళిపోయింది. వెళ్ళి తిన్నాను.

మార్చి 3, సోమవారం

ఉద్యోగం తీసేశారు. మేనేజరు ఇంకా ఉన్నారు. కుర్చీ కూడా మార్చలేదట.

మార్చి 7, శుక్రవారం

ఇన్‌స్పెక్టరు నిర్ణయం వచ్చింది. పిన్ని కవరు తెచ్చి బాబాయి ముందు పడేసింది. వారం రోజులుగా ఆయన నాతో అవసరానికి మించి ఒక్క మాట ఆడలేదు. కోపం నా మీద కాదు, నేను లేచి నిలబడినందుకు. తను కష్టపడి చెప్పిన అబద్ధం పాడుచేసినందుకు. అలాగే అనుకున్నాను.

"చదువు" అన్నాడు.

చదివాను. టెక్నీషియన్ తప్పు లేదు. లైసెన్సు యథాతథంగా ఉంటుంది. పిన్ని గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంది. బాబాయి కదల్లేదు. రెండో పేజీ నాది. ప్లానింగ్ ఉద్యోగిని ఉద్దేశపూర్వకంగా, అని ఉంది. ఆ మాట దగ్గర ఆగాను.

"ఆగావేం? చదువు."

మేనేజరు మీద కంపెనీ చర్య తీసుకోవాలని రెండు వాక్యాలు. నా గురించి పదకొండు. ఆ తర్వాత ఇలా ఉంది: 'మొత్తం రెండు వందల పద్నాలుగు పనులు. వీటిలో గాయపడిన టెక్నీషియన్‌వి ముప్పై ఒకటి. తక్కిన టెక్నీషియన్లను విచారించగా, రెండో మనిషి రాలేదని ఫోన్ చేసినప్పుడల్లా, దారిలో ఉన్నారు, మీరు మొదలుపెట్టండి అని ప్లానింగ్ విభాగం నుంచి జవాబు వచ్చేదని చెప్పారు.'

"ఆ ముక్క మళ్ళీ చదువు."

చదివాను.

"మిగతావాళ్ళకి కూడా వేశావా వాణ్ణి?"

"వేశాను."

"అందరికీ?"

"అందరికీ."

"ఫోన్లో అలా చెప్పింది ఎవరు?"

"నేనే."

"వాడు లేడని వాళ్ళకి తెలియదా?"

"తెలియదు."

"నాకు చెప్పావుగా. ఆ రోజే వచ్చి చెప్పావు. నవ్వుకున్నాం కూడా."

"నువ్వు బాబాయివి కదా."

పదిహేనుగురు ఇనప తాళ్ళ మధ్య కూర్చుని ఒక మనిషి కోసం ఎదురుచూశారు. వాళ్ళంతా ఆయన మొహంలో ఒకరి తర్వాత ఒకరు కనపడ్డారు. కట్టు ఉన్న చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఇన్నాళ్ళూ దాన్ని నా కంటపడకుండా ఒళ్ళో పెట్టుకునేవాడు. ఇవాళ నా ముందుకే జరిపాడు.

"వాళ్ళు ఎవరికీ బాబాయిలు కారా?"

గొంతు పెంచలేదు. ఇరవై నాలుగేళ్ళలో ఆ గొంతు నేను వినలేదు. ఇన్నాళ్ళూ ఏ తిట్టు కోసం ఎదురుచూశానో అది వచ్చింది. ఆయన జవాబు కోసం చూశాడు. పిన్ని, "పోనీండి" అంది. "నువ్వుండు" అన్నాడు, నా మీంచి చూపు తిప్పకుండా.

నేను ఈ గదిలోకి వచ్చేశాను. తలుపు వేసుకుని ఇది రాస్తున్నాను. అవతల ఆయన కుర్చీ జరిపిన చప్పుడు ఇంకా వినపడలేదు.